మా ఝాన్సీ అంగిలికి తాళంచెవి

విజయనగరంలో పెద్ద చదువులు చదివిన పళ్ళ డాక్టర్లు ఎందరైనా ఉండనీండి. కత్తి ముట్టకుండా మనిషి అంగిలిని వెడల్పు చేసినవాణ్ణి మాత్రం గజపతినగరం చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఒక బుల్లి తాళంచెవితో!

మా మనవరాలు ఝాన్సీకి ఇరవై రెండేళ్ళు. పైదవడ ఇరుకు. పళ్ళు సంతరోజు ఆటోలో జనంలా ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చున్నాయి. దానికి కానిస్టేబులు ఉద్యోగం మీద మనసు. పరుగు పరీక్ష దగ్గర పడుతోంది.

పళ్ళ డాక్టరు అనూరాధ స్కానింగు చూసి చెప్పింది. "చిన్నపిల్లలకైతే అంగిలి మధ్య అతుకు లేతగా ఉండి తేలిగ్గా విడుతుంది. ఈ వయసుకి బిగుసుకుంటుంది. అంగిట్లో చిన్న మేకులు దింపి మర బిగిస్తాను. దాన్ని ఈ బుల్లి తాళంచెవితో రోజూ కాస్త తిప్పండి. ముందరి పళ్ళ మధ్య సందు వస్తే అతుకు విడినట్టే. రాకపోతే విశాఖలో మత్తిచ్చి ఎముక కోయాలి."

"కోస్తే ఇక తిప్పక్కర్లేదేటమ్మా?" అన్నాను.

"కోసినా తిప్పాల్సిందే తాతగారూ. కోత వదులు చేస్తుందంతే."

"కోస్తే నా పరుగో?" అంది ఝాన్సీ.

"ఈసారికి వదులుకోవాలమ్మా."

ఝాన్సీ మర బిగించడానికే ఒప్పుకుంది. తిప్పే పని నేను పుచ్చుకున్నాను. ధాన్యం గిడ్డంగి కాపలాలో ముసలైన చెయ్యి ఇది, తాళంచెవుల సంగతి దానికొకరు చెప్పాలా?

పొద్దున్నే వాకిట్లో అది నోరు తెరిచేది, నేను చెవి దూర్చి తిప్పేవాణ్ణి. రోజులు గడిచినా సందు లేదు.

"ఏటి తాతా, పన్ను కదల్లేదు. నా పరుగు పోయినట్టేనేటి?"

"ఊరుకోయే! కొత్త తాళం బిగుతుగానే ఉంటాది."

మళ్ళీ వెళ్ళేసరికి డాక్టరమ్మ విశాఖ మాట ఎత్తింది. ఝాన్సీ కళ్ళలో నీళ్ళు. "ఎలా తిప్పుతున్నారో ఒకసారి చూపించండి," అంది డాక్టరమ్మ. దర్జాగా తిప్పి చూపించాను. పక్కనే ఉన్న మా ఆవిడ సుభద్రమ్మ ఒక్క కేక పెట్టింది.

"నీ తెలివి తగలెయ్య మావా! గిడ్డంగి తాళం అనుకున్నావేటి? తిప్పిందంతా ఎనక్కి లాగేసి సెవి తీస్తన్నావు!"

నిజమే. మా గిడ్డంగి తాళాల్లో చెవిని మొదటికి తెస్తే గాని బయటికి రాదు. చెయ్యి అలవాటు మానలేదు.

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "రోజూ తెరిచి, రోజూ తాళం వేసేస్తున్నారన్నమాట!"

ఆ పూటే చెవి సుభద్ర కొంగుముడిలోకి పోయింది. తిప్పింది ఆవిడ, వెడల్పు చేసింది ఆవిడ. నేను నోట్లోకి టార్చిలైటు పట్టాను. ఒకనాటి పొద్దున్న ఝాన్సీ అంగిట్లో టప్‌మంది. ఆ మర్నాటికి ముందరి పళ్ళ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు!

పక్కింటి గురమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో వదినా, బంగారంలాంటి పిల్లకి పళ్ళు ఎడమైపోనాయే!"

"అందుకే గదే పాయసం కాస్తన్నాను! గిన్నె తెచ్చుకో," అంది సుభద్ర.

ఝాన్సీ అంగిట్లో మరతోనే పరుగుకి వెళ్ళింది. అందరికన్నా ముందు గీత దాటింది. రెండోపిల్ల ఎక్కడో దుమ్ములో ఉంది.

ఇదిగో, మొదట్లో కొట్టిన గొప్ప పక్కన పెడితే, ఈ ముందు రావడం ఒక్కటే నా కల్పన. ఝాన్సీ మధ్యలో ఎక్కడో వచ్చింది, అయినా పరీక్ష నెగ్గింది. అందరికన్నా ముందు గీత దాటింది మా సుభద్రమ్మే. మనవరాల్ని కావలించుకోడానికి చీర ఎగ్గట్టి గీతకి అటువైపు నుంచి ఎదురు పరిగెత్తింది.