మూత బిగించిన డ్రమ్ము

పెళ్లయి నలభై రోజులు. మా ఆయన చెప్పులు నా చెప్పుల పక్కన ఉంటే చూసి కూడా మురిసిపోతున్నాను. ఆ ఇంట్లో నాకు గిట్టనిది ఒక్కటే: వెనకగదిలోని నీలం డ్రమ్ము.

అందులో వేపాకు, జిల్లేడాకు, దంచిన వెల్లుల్లి, పచ్చిమిరప నీళ్లలో కుళ్లుతున్నాయి. మేమిద్దరం కలిసి నాటిన మొదటి పంట చిక్కుడుకు పేనుబంక పురుగు పట్టింది. చిగుళ్లన్నీ నల్లగా, జిడ్డుగా. కొట్టులో కొన్న మందు కొడితే మా ఆయన చేతులు బొబ్బలెక్కుతాయి. అందుకే అత్తయ్య ఈ కషాయం పెట్టింది. పది రోజులు ఊరాలి, రోజూ కర్రతో కలపాలి, పైన గోనెపట్టా కప్పాలి. శనివారం కొట్టకపోతే పూతంతా రాలిపోతుందని ఆవిడ లెక్క.

ఆ కంపు! చచ్చిన ఎలుకని వెల్లుల్లితో ఉడకబెట్టినట్టు. దిండుకు పట్టింది, నా కొత్త చీరలకు పట్టింది. మా ఆయన ముద్దు పెట్టబోతే నాకు డ్రమ్మే గుర్తొచ్చేది.

"ఇవాళ్టి నుంచి నేను కలుపుతాలెండి అత్తయ్యా," అన్నాను గురువారం. పట్టా తీశాను. ఆకుపచ్చ నురగ మీద తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. కర్ర అక్కడే వదిలేసి, మూలనున్న ప్లాస్టిక్ మూత బిగించి, చుట్టూ ఇనుప పట్టీ కూడా వేశాను. ఇక ఇల్లంతా ఎంత హాయి! గిన్నెలు కడుగుతూ పాట కూడా పాడుకున్నాను.

శుక్రవారం సాయంత్రం అత్తయ్య ముక్కు ఎగబీల్చి చూసింది. "అమ్మాయ్, కంపు రావట్లేదేంటే?"

ఆవిడ చూసేలోగా మూత తీసేద్దామని పరిగెత్తాను. డ్రమ్ము పొట్ట ఉబ్బి ఉంది. ఇనుప పట్టీ వదులు చేశానో లేదో, ఢామ్మంది.

గోడలకు, పైకప్పుకు, ఫ్యాను రెక్కలకు కుళ్లిన ఆకుల ముద్ద. ఒకటి జారి నా పాపిట్లో పడింది. అరవడానికి నోరు తెరవడం పెద్ద తప్పయింది. అక్కడే వాంతి చేసుకున్నాను.

గుమ్మంలో మా ఆయన. "మూత ఎందుకు పెట్టావు? ఊరేదానికి గాలి ఆడొద్దూ?"

"మీ ముక్కులు చచ్చిపోయాయి కాబట్టి మీకేం తెలీదు!"

అత్తయ్య నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. వెంటనే చెయ్యి తీసి చూసుకుంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను. ఆకులు పేలడం ఇదే చూడటం. ఏడుపాపి బిందె తేవే, ఎంత మిగిలిందో చూద్దాం."

సగమే మిగిలింది. వడగడుతుంటే గుడ్డ పూడుకుపోయింది. తప్పు నాది కాబట్టి మోచేతి దాకా చెయ్యి పెట్టి పిండాను. వేళ్ల సందుల్లో గోరువెచ్చటి జిగట. పిండినప్పుడల్లా డోకు.

శనివారం పొద్దున్న ఆరు సాళ్లలో నాలుగింటికే కషాయం సరిపోయింది. వారానికి ఆ నాలుగింటి మీద పేనుబంక ఎండి రాలింది, చిన్న చిన్న పిందెలు దిగాయి. నా కళ్లలో గుచ్చుకున్నట్టు కనిపించేవి మిగతా రెండు సాళ్లే. పూతంతా రాలి, నల్లటి తీగలు మిగిలాయి.

ఆ రెండింటికీ కొడదామని ఆ రోజే జిల్లేడాకు కోసి తెచ్చాను. మళ్లీ అదే డ్రమ్ము, నాలుగు రోజులకల్లా అదే నురగ, అవే పురుగులు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కళ్లు మూసుకుని కలుపుతున్నాను. తలకు నాలుగుసార్లు పోసుకున్నా పాపిట్లో వాసన పోలేదు.

"దగ్గరికి రాకండి, కంపు కొడుతున్నాను," అన్నాను మా ఆయనతో.

వచ్చాడు. ముక్కు మూసుకునే వచ్చాడు.