వర్షిణి లేపిన బండి

మోకాలి ఆపరేషన్ తర్వాత సాయిసుధ తన బండిని అమ్మకానికి పెట్టింది. కొండదారుల కోసం ఎత్తుగా, తేలిగ్గా చేసిన నూట యాభై సీసీ బండి అది. కంపెనీ వాటిని ఆపేసి చాలా ఏళ్లయింది, వెతికినా దొరకదు. దాని మీద ఆమె ఒంటరిగా మంచుకొండల్లోని స్పితి దాకా వెళ్లొచ్చింది. ఇప్పుడు అంత ఎత్తు బండిని ఎడమకాలు మీద ఆపడం తనవల్ల కావడం లేదు.

ఆదివారం వర్షిణి అనే అమ్మాయి రాజధానిలో సాయిసుధ ఉండే ద్వారక కాలనీకి వచ్చి బండి చూస్తానంది. ఆ ఉదయమే ఆమె తండ్రి ఫోన్ చేశాడు.

"అమ్మా, నా పేరు శ్రీరాములు. మా అమ్మాయి వస్తే బండి అమ్ముడైపోయిందని చెప్పండమ్మా. నేను వద్దంటే అలుగుతుంది. మీరు చెబితే ఊరుకుంటుంది."

సాయిసుధకి కోపం రావలసింది, రాలేదు. ఆ గొంతులో పెత్తనం లేదు, భయమే ఉంది.

"అబద్ధం నా నోట రాదంకుల్. మీరూ రండి. చూశాక కూడా వద్దనిపిస్తే మీరే చెప్పండి."

ఇద్దరూ వచ్చారు. వర్షిణి పొట్టిది. సీటెక్కితే మునివేళ్లే నేలకి అందాయి. అపార్ట్‌మెంట్ల సొసైటీ వెనక ఖాళీ రోడ్డు మీద ఒక రౌండు బాగానే కొట్టింది. మలుపులో ఇంజన్ ఆగి, బండి ఆమెతో సహా పక్కకి ఒరిగిపోయింది.

శ్రీరాములు చెప్పు జారిపోతున్నా పరిగెత్తాడు.

"పాపా, మై ఠీక్ హూఁ. ఆప్ హటో," అని తనకేం కాలేదు, పక్కకి జరగమని తండ్రితో హిందీలో అంది వర్షిణి మోచెయ్యి దులుపుకుంటూ.

ఆయన బండి మీద చెయ్యి వేయబోతుంటే సాయిసుధ ఆపింది. "ఉండండంకుల్. రేపు ఏ దారిలోనో పడితే మీరుండరు కదా." వర్షిణి వైపు తిరిగి, "బండికి వీపు పెట్టు. నడుము సీటుకి ఆనించు. చేతులతో లాగకు, కాళ్లతో వెనక్కి నెట్టు," అంది.

మొదట కదల్లేదు. తర్వాత సగం లేచి మళ్లీ వాలింది. శ్రీరాములు చేతులు వాటంతటవే ముందుకొచ్చి ఆగాయి. ఈసారి బండి లేచి నిలబడింది. మొహం మీద పడ్డ జుట్టులోంచి వర్షిణి నవ్వుతోంది.

ఆయన కాసేపు కూతుర్నే చూశాడు. "చిన్నప్పుడు పడితే నేనెత్తేదాకా లేచేది కాదమ్మా," అన్నాడు సాయిసుధతో, మెల్లిగా. బండి చుట్టూ తిరిగి, "వెనక సీటు నా బరువు ఆపుతుందా?" అని అడిగాడు.

"భేషుగ్గా," అంది సాయిసుధ.

"పాపా, సచ్చీ? నిజంగానా?" అంది వర్షిణి.

"ముందు నన్ను ఇంటికి తీసుకెళ్లు. కొండల సంగతి తర్వాత."

కాగితాల పని అయ్యాక సాయిసుధ ఆయనకి తన హెల్మెట్ ఇచ్చింది. ఆయన తల వంచి, "పొద్దుటి ఫోన్ సంగతి దానికి..." అని గొణిగాడు.

"ఏ ఫోనంకుల్?" అంటూ ఆమె పట్టీ బిగించింది.

శ్రీరాములు మొదట వెనక రాడ్డు పట్టుకున్నాడు. బండి కదలగానే కూతురి భుజాలు పట్టుకున్నాడు. సాయిసుధ గేటు దగ్గరే నిలబడి బండి చప్పుడు దూరమయ్యేదాకా విన్నది. గేర్లు సరిగ్గానే మారుస్తోంది పిల్ల, అనుకుంది.