కత్తెర పట్టే ముందు

మా టైలరింగ్ షాపులో తమ్ముడు పెళ్లిగౌను బట్టను జానెడు పొట్టిగా కత్తిరించేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదరా, కత్తెర పట్టే ముందు మోకరించి దేవుణ్ణి జ్ఞానం అడగమని! ప్రతి ఆదివారం నేను చెప్పే పాఠాలన్నీ గోడకి చెప్పినట్టేనా?"

"అడిగానక్కా," అన్నాడు వాడు తల దించుకుని.

"అడిగితే ఈ బట్ట ఇలా ఏడుస్తుందా?"

"అక్క రాసిన కొలత మీద అనుమానంగా ఉంది ప్రభువా అన్నాను. వెళ్లి అక్కనే అడుగు అని మనసులో గట్టిగా అనిపించింది. వెంటనే వచ్చి నీ గది తలుపు కొట్టాను."

"ప్రార్థనలో ఉన్నాను, విసిగించకు!" అని లోపల్నుంచి అరిచింది నేనే. అప్పుడు నేను దేవుణ్ణి అడుగుతున్నదల్లా ఒక్కటే, మా తమ్ముడికి కాస్త జ్ఞానం ఇమ్మని.