ఓవెన్‌లో ఐదు పాటలు

ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని పిచ్చుక అనేవారు. గొంతు అంత చిన్నది మరి. పక్కగదిలోంచి పిలిస్తే ఎవరికీ వినపడేది కాదు.

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న అమ్మమ్మ పది రోజుల తర్వాత ఆ సాయంత్రమే ఇంటికొస్తోంది. తీసుకురావడానికి అమ్మ ఆస్పత్రికి వెళ్ళింది. ముందురోజు ఫోన్‌లో అమ్మమ్మ ఒక్కటే అడిగింది.

"గుమ్మంలో అడుగుపెట్టేసరికి సినమన్ రోల్స్ వాసన రావాలే పిచ్చుకా. ఈ మందుల కంపు ముక్కులోంచి వదలాలి."

"నేను చేస్తా" అని మాటిచ్చేసింది పిచ్చుక. అప్పటిదాకా తను చేసిందల్లా అమ్మమ్మ పక్కన నిలబడి పంచదార చల్లడమే.

తీరా అమ్మమ్మ వంటల నోటుబుక్కు తెరిచి పేజీ అటూ ఇటూ తిప్పింది. పిండి, వెన్న, ఈస్ట్ కొలతలన్నీ ఉన్నాయి గానీ నిమిషాల ఊసే లేదు. 'రెండు పాటలు పిసకాలి. నాటిక అయ్యేదాకా మూత పెట్టాలి. ఓవెన్‌లో ఐదు పాటలు.'

ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు రేడియోలో శ్రోతలు కోరిన పాటలు, నడుమ ఓ నాటిక వచ్చేవి. వంటింటి గడియారం పాడైతే బాగుచేయించకుండా అమ్మమ్మ ఆ కార్యక్రమంతోనే పని కానిచ్చేది. పాటలు వేసేది ఎవరో కాదు, తాతయ్యే. ముప్ఫై ఏళ్ళు అనౌన్సర్. కార్యక్రమం ఆగిపోయాక అమ్మమ్మ చేతికి ఆ లెక్క మిగిలింది. తాతయ్య మాత్రం ఇంట్లో కూడా మాటలు తగ్గించేశారు.

పిచ్చుక ఫోన్‌లో పాత పాటలూ ఓ నాటికా వెతికి వరసగా పెట్టుకుంది. పిండి బాగానే పొంగింది. పరిచి, వెన్న రాసి, దాల్చినచెక్క పొడీ పంచదారా చల్లి, చాపలా చుట్టి పన్నెండు ముక్కలు కోసింది. మచ్చుకు రెండు ఓవెన్‌లో పెట్టి, ఐదో పాట అవగానే తీసి ఒకటి తాతయ్యకిచ్చింది.

ఆయన కొరికి, నమలడం ఆపేశారు. "నడుమ పచ్చిముద్దే."

"ఐదు పాటలే పెట్టాను తాతయ్యా!"

"ఏదీ, వినిపించు."

ఒక పాట తోక పట్టుకుని ఇంకోటి వచ్చింది. తాతయ్య చెయ్యెత్తారు. "ఇదేంటే? పాట అవగానే పాటేనా? మధ్యలో నేనేం చేస్తున్నట్టు?"

"మీరు మాట్లాడేవారా?"

"మాట్లాడేవారా అంటుంది! ఉత్తరాలు చదవొద్దూ? పేర్లు చెప్పొద్దూ? మీ అమ్మమ్మ ఓవెన్‌లో సగం వేడి నాదే."

"ఎన్ని నిమిషాలు మాట్లాడేవారు?"

"ఉత్తరాన్ని బట్టి. లెక్కెవడు పెట్టాడు?"

ఇంతలో అమ్మ ఫోన్: బయల్దేరాం అని. ట్రేలో పది రోల్స్ ఉన్నాయి. ఇంకో విడతకి పిండి లేదు.

"అయితే ఇప్పుడు మాట్లాడండి తాతయ్యా."

"ఎవరితో, ఓవెన్‌తోనా? ఉత్తరాలు లేకుండా నేను నోరు విప్పను."

నోటితో అడగలేనివి కాగితం మీదైతే పిచ్చుకకి ఇట్టే వస్తాయి. డైరీలోంచి నాలుగు కాగితాలు చింపి నాలుగు ఉత్తరాలు రాసిచ్చింది. తాతయ్య కళ్ళజోడు తుడుచుకున్నారు. చొక్కాకి పై గుండీ కూడా పెట్టుకుని మైకులా గరిటె అందుకున్నారు. ఓవెన్ తలుపు పడింది.

"శ్రోతలందరికీ నమస్కారం."

పిచ్చుక ఉలిక్కిపడింది. ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుంది? ఆయన వేలు చూపించగానే పాట పెట్టింది. ఉత్తరం, పాట, ఉత్తరం, పాట. వంటింట్లో దాల్చినచెక్క వాసన లేచి వరండాలోకి నడిచింది.

నాలుగో పాట అయింది. తాతయ్య చివరి కాగితం విప్పారు. "ఈ ఉత్తరం రాసినవారు కుడి మోకాలు గారు. పది రోజులుగా మంచం మీదే ఉన్నారట. మళ్ళీ నడక నేర్చుకోవడానికి మంచి పాట కావాలట. నెమ్మదైనదే వేద్దాం మోకాలు గారూ, మీరు మాత్రం గెంతకండి..."

బయట కారు తలుపు చప్పుడైంది. వాకర్ టకటకమంటూ గుమ్మం ఎక్కింది. పిచ్చుక కంగారుగా ఓవెన్ పిడి మీద చెయ్యి వేసింది.

"తియ్యకే!" గుమ్మంలోంచి అమ్మమ్మ కేక. "ఇంకా ఉత్తరమేగా చదువుతున్నారు! దాని వెనక పాట మిగిలుంది!"

తాతయ్య మోకాలు గారి ఉత్తరం ఆపలేదు. గరిటె కాస్త అటు తిప్పి, "ఇప్పుడే ఒక పాత శ్రోత మన స్టూడియోకి విచ్చేశారు" అన్నారు.

అమ్మమ్మ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. "నా మోకాలి పేరు మీద ఉత్తరం రాసిందెవరే?"

"నేనే!" అంది పిచ్చుక. వాకిట్లో సామాను దించుతున్న అమ్మకి కూడా వినిపించింది.

తాతయ్య వేలు చూపించారు. ఐదో పాట మొదలైంది.