తమ్ముడి పథ్యం

ఆదివారం చర్చి నుంచి రాగానే లూదియా పొట్టేలు కూర వండేది. ఇద్దరు కొడుకులకూ సమానంగా వడ్డించి, ఆ తర్వాత పెద్దోడి కంచంలోని కొవ్వు ముక్కలు ఏరి చిన్నోడి కంచంలో వేసేది. పెద్దోడు సుందరరాజు ఆళ్లగడ్డ మార్కెట్లో మూటలు మోస్తాడు, బానంత పొట్ట. చిన్నోడు యోహాను రోజూ బస్సెక్కి నంద్యాల పోయి, పత్తి మిల్లులో గుమాస్తాగా పొద్దస్తమానం కుర్చీలో కూర్చుంటాడు. గట్టిగా గాలేస్తే ఎగిరిపోయే మనిషి. "పాపం, బక్కోడు" అని ఊరంతా జాలిపడేది. ఆ జాలంటే సుందరరాజుకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట.

పందొమ్మిది వందల ఎనభై మూడు వేసవిలో యోహానుకు మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు నొప్పి మొదలయ్యాయి. లూదియా నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పనిలో పనిగా పెద్దోడికీ రక్తం తీయించింది. అసలు ఆమె భయమంతా లావోడి గురించే.

వారం తర్వాత డాక్టరు పిలిచి చెప్పాడు. "పెద్దబ్బాయికి ఏమీ లేదమ్మా. చిన్నబ్బాయి రక్తంలోనే కొవ్వు బాగా ఉంది. మనిషి సన్నమే గానీ కొవ్వు లోపల చేరింది. గుండెకు ముప్పు. నెయ్యి, మాంసం మానిపించండి."

ముగ్గురూ బస్టాండుకు వచ్చారు. అక్కడ లూదియా తేల్చేసింది.

"రక్తం సీసాలు మారిపోయింటాయి. ఎముకలకు తోలు కప్పినట్టుండే వానికి కొవ్వేందీ? ఆ రోగం నీదే, పెద్దోడా."

యోహాను నవ్వాడు. సుందరరాజుకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ అందరూ తన పొట్టనే తప్పు పట్టారు. ఇదీ తనదేనేమో అనుకున్నాడు. ఇంకోసారి రక్తమిచ్చి చూద్దామనే మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో బస్సొచ్చింది. మాట మింగేశాడు.

ఆ రోజు నుంచి అన్నకు కొర్రన్నం, నీళ్లచారు. తమ్ముడికి బలానికని నేతిలో వేయించిన గుడ్లు, మూలుగ నిండిన నల్లి బొక్కలు. నొప్పి వచ్చినప్పుడల్లా ఇంకో ముక్క.

"తినప్పా, నీరసంతో వస్తాండాది అది" అనేది తల్లి. కన్నప్రేమతోనే పెట్టింది. జాలికి కళ్లుండవు మరి.

చలికాలం మొదట్లో ఒక పొద్దున యోహాను నంద్యాల బస్సు కోసం పరుగెత్తి, మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి పడిపోయాడు. ఆస్పత్రి చేరేలోపే ప్రాణం పోయింది. సమాధి దగ్గర కూడా జనం "బక్కోడు, బలం లేక పోయినాడు" అన్నారు. సుందరరాజుకు వాళ్ల నోళ్లు మూయించాలనిపించింది. గుప్పెడు మన్ను తీసి సమాధిలో వేశాడు.

నెల దాటాక ఒక ఆదివారం లూదియా మళ్లీ కూర వండింది. పెద్దోడికి వడ్డించి, అలవాటు కొద్దీ అతని కంచంలోంచి కొవ్వు ముక్క తీసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి ఆ ముక్కను తిరిగి అతని కంచంలోనే వేసింది.

"తిను నాయనా" అంది, అతని మొహం చూడకుండా. "నీకేం లేదని ఆ డాక్టరు అప్పుడే చెప్పినాడు గదా."