మెయిల్ తప్పనిసరి

ఫోన్ టింగుమన్నప్పుడు నా రెండు చేతులకూ జొన్నపిండి ఉంది, పెనం మీద రొట్టె ఉంది, ఎదురుగా అత్తమ్మ ఉంది. అయినా ఆగలేక మోచేత్తో ఫోన్‌ను నా వైపు తిప్పుకున్నాను. ‘మీ వెబ్‌సైట్ నుంచి కొత్త సందేశం’ అని కనపడింది.

“అత్తమ్మా, ఆర్డర్ వచ్చింది!”

“రొట్టె మాడుతుంది,” అంది అత్తమ్మ.

మాడనే మాడింది. ఆ మాడిన రొట్టెను బెల్లం ముక్కతో నేనే తిన్నాను. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన రెండు నెలల్లో అంత రుచైనది తినలేదు.

అత్తమ్మ గిరిజమ్మ చేసే కడక్ రొట్టెలంటే మా ఊరు ఖేడ్‌లో తెలియనివాళ్లు లేరు. సన్నని మంట మీద బట్టతో ఒత్తి ఒత్తి, అప్పడంలా కరకరలాడే దాకా కాలుస్తుంది. నెల రోజులైనా పాడు కావు. వాటితో తినడానికి పల్లీలు దంచి శేంగా చట్నీ కూడా చేస్తుంది. చుట్టుపక్కల కంగ్టి నుంచి, సిర్గాపూర్ నుంచి హైదరాబాద్‌కు పనికి పోయేవాళ్లు మా దుకాణం ముందు ఆగి కట్టలు కట్టించుకుంటారు. వాళ్లు అక్కడి నుంచే అడిగితే బస్సులో పంపవచ్చు కదా అన్నాను. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను, వెబ్‌సైట్ నేనే చేస్తానన్నాను. ఆ మాట ఎంత బరువో అప్పుడు తెలియదు.

పదకొండు సాయంత్రాలు పోయాయి. పేజీ రెండు రోజుల్లో అయిపోయింది. ‘మమ్మల్ని సంప్రదించండి’ అనే చిన్న ఫారమే నన్ను తినేసింది. పంపిన సందేశం అందదు. అందితే చెత్త మెయిళ్లలో పడుతుంది. అక్కడి నుంచి బయటికి తెస్తే తెలుగు అక్షరాలన్నీ డబ్బాలైపోతాయి. మెడ పట్టేసింది, కళ్లు మండిపోయాయి. మా ఆయన మృత్యుంజయ పాపం, దుకాణంలో పొద్దంతా నిలబడి వచ్చి, నా కోసం అదే ఫారాన్ని మళ్లీ మళ్లీ నింపేవాడు. “నువ్వు మిషిన్ కాదని రుజువు చెయ్యమంటుంది. గీ బొమ్మల్ల నాకేం సమజైతలేదు, మిషిన్‌నే అని రాసెయ్,” అని ఆవులించేవాడు. అతను పంపిన వాటిలో మొట్టమొదట అందినది నా దగ్గర దాచుకున్నాను: ‘రొట్టెలు బాగుంటయ్. సైటు చేసిన పిల్ల ఇంకా బాగుంటది.’

మామ శివలింగప్ప మాత్రం కచ్చితంగా చెప్పేశాడు. “నెల ఆఖరు దాక చూస్త. ఒక్క ఆర్డర్ రాకుంటే బంద్ చెయ్యి. ఇద్దరు కండ్లు పాడు చేసుకుంటుండ్రు.” దుకాణానికంతా వాడే తన ఫోన్ నంబరు సైట్‌లో పెడతానంటే అసలే ఒప్పుకోలేదు. “లింగపూజల కూసున్నప్పుడు మోగుతది. నేను ఎత్తను.” అందుకే పేజీ అడుగున మా మెయిల్ ఒక్కటే పెట్టాను.

నెలాఖరుకు ఇంకా మూడు రోజులుండగా, బుధవారం పొద్దున, స్మిత అనే ఆమె నుంచి ఆ సందేశం వచ్చింది.

‘గిరిజత్తా, శనివారం మా బిడ్డ తొట్టెల. వంద కడక్ రొట్టెలు, శేంగా చట్నీ పంపు. శుక్రవారం రెండు గంటల బస్సుకు ఇస్తే పటాన్‌చెరులో తీసుకుంట.’

చేతులు కడుక్కుని జవాబు రాశాను. చాలా అందంగా రాశాను. మీ ఆర్డర్ అందింది, మీ ఫోన్ నంబరు పంపండి, ఉయ్యాలలో వేసే పాపకు మా ఆశీస్సులు అని. పంపగానే ఫోన్ టింగుమంది. అప్పుడే జవాబు! పరుగెత్తాను. తెరిస్తే నేను రాసిన ఉత్తరమే నాకు వచ్చింది. మళ్లీ పంపాను. మళ్లీ నాకే వచ్చింది.

మధ్యాహ్నం తిండికి వచ్చిన మా ఆయన నా భుజం మీదుగా చూశాడు. “ఏందే, నీకు నువ్వే ఉత్తరాలు రాసుకుంటున్నవ్? నాకన్న రాయొచ్చు కదా.”

అప్పుడు చూశాను. స్మిత పేరు కింద, మెయిల్ ఉండాల్సిన చోట, మా మెయిలే ఉంది.

నా ఫారంలో మూడే గడులు: పేరు, మెయిల్, సందేశం. మెయిల్ పక్కన ఎర్ర చుక్క. అది నింపకపోతే ‘పంపు’ నొక్కినా కదలదు. ఆ ఫారం అలాగే తయారుగా దొరికింది, అలాగే ఉంచేశాను. మెయిల్ లేని మనిషి ఏం చేస్తుంది? ఖేడ్‌లో ఏ దరఖాస్తు నింపినా, మెయిల్ లేనివాళ్లు జిరాక్స్ సెంటర్ వాళ్ల మెయిలే పెట్టిస్తారు. నా డిగ్రీ దరఖాస్తులోనూ ఉన్నది అలాంటిదే. స్మిత కూడా పేజీ అడుగున కనపడిన మెయిల్‌ను ఎక్కించింది. నంబరు అడిగే గడి నేను పెట్టనే లేదు.

గడప మీద కూర్చున్నాను. పదకొండు సాయంత్రాల తర్వాత వచ్చిన ఒక్క ఆర్డర్. ఎవరిదో తెలియదు.

“ఏడ్వకు,” అంది అత్తమ్మ. నేను ఏడవడం లేదు, కానీ అన్నాక ఏడుపొచ్చింది. “గా చిట్టి మళ్ల చదువు.”

చదివాను. అత్తమ్మ పిండి చేతి వేళ్లు మడిచింది. “నన్ను గిరిజత్త అనే స్మితలు ముగ్గురు. ఒకామెకు పెండ్లే కాలే. ఇంకొకామె కొడుకు బడికి పోతుండు. ఇగ తొట్టెల అంటే సిర్గాపూర్ భాస్కర్ బిడ్డ స్మితనే. మొన్ననే కాన్పయింది.”

“భాస్కర్ నంబరుందా, అవ్వా?” మా ఆయన అడిగాడు.

“గాయిన నంబరు నాకెందుకు? ఎదురైతే మాట్లాడ్త.”

“ఆమె కాకుంటే? వంద రొట్టెలు చేసి ఎవరికి తినవెడ్తవ్?”

“నీకు.”

అరుగు మీద కూర్చున్న మామ ఇదంతా వింటూనే ఉన్నాడు. ‘ఇగ బంద్ చెయ్యి’ అంటాడని తల వంచుకున్నాను. ఆయన దగ్గాడు. “శైలశ్రీ, గా ఎర్ర చుక్క తీసెయ్. నా నంబరు పెట్టు. పొద్దుగాల ఏడు నుంచి ఎనిమిది దాక పూజ, ఫోన్ చెయ్యొద్దని కింద పెద్దగ రాయి.”

చుక్క తీయడానికి నిమిషం కూడా పట్టలేదు. నంబరు అడిగే గడి పెట్టి, మామ నంబరు, దాని కింద పూజ వేళ రాశాను. మా ఆయన ఎప్పట్లాగే ఫారం నింపి పంపాడు. అందింది. మెయిల్ గడి ఖాళీ.

అత్తమ్మ జొన్నపిండి డబ్బా మూత తీసి లోపలికి చూసింది, మూత పెట్టింది.

“రేపు పొద్దుగాల నాలుగింటికి పొయ్యి ముట్టిస్త,” అంది. “మీరిద్దరు మొదటి ఆటోకు సిర్గాపూర్ పోయి స్మిత నంబరు పట్టుకొని రార్రి. జల్దీ రావాలె, ఆడనే తిరుక్కుంట కూసోకుర్రి.”