జిగురు ఆరేదాకా

లారీ ముందు అద్దానికి పాత పేపరు కప్పి, అంచుల వెంట టేపును బొటనవేలితో నొక్కుతున్నాడు మల్సూర్. సూర్యాపేట హైవే పక్క షెడ్డులో ఏళ్ల తరబడి అతని పని ఇదే, లారీలకు రంగు కొట్టడం. అతని గోళ్ల అసలు రంగేమిటో ఇంట్లో భార్య కూడా మరిచిపోయి ఉంటుంది.

"ఇయ్యాల కోదాడ పోతున్నవంట గద?" షెడ్డు ఓనరు పెద్దులు అడిగాడు.

"సూడాలె అన్నా."

"ఇంకేం సూసుడు? రేపట్నుంచి రాడని నీ పెండ్లాం మంగమ్మ వచ్చి చెప్పిపాయె."

మల్సూర్ నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకోవడంలో అతన్ని మించినవాడు ఈ జిల్లాలో లేడు.

కోదాడలో ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వంటమనిషి, వాచ్‌మన్ కావాలి. మొగుడూ పెళ్లాలైతే మేలన్నారు, ఉండడానికి గది కూడా ఇస్తారు. ఈ సాయంత్రంలోగా రాకపోతే వాచ్‌మన్ పని ఇంకొకరికి పోతుంది. రంగు పొగకు పట్టుకున్న మొగుడి దగ్గు వినలేక మంగమ్మే వెతికి తెచ్చిన పని అది. గది మాత్రం మంచం వేస్తే నిండిపోయేంత. మరి ట్యాంకులు?

నీళ్ల ట్యాంకులు కావు, యుద్ధానివి. చిన్నప్పుడు మిర్యాలగూడ స్టేషన్లో ఆగిన గూడ్సు బండి మీద, టార్పాలిన్ కప్పిన ట్యాంకులు చూశాడు. ఫిరంగి గొట్టాలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కప్పు కింద ఏముందో చేసి చూసుకోవాలన్న పిచ్చి అప్పుడు పట్టుకుని మళ్లీ వదల్లేదు. ఫోన్లో ఫొటోలు చూసి పీవీసీ షీటు కోస్తాడు. మందు సీసాల మూతలు చక్రాలు, పెన్ను గొట్టం ఫిరంగి. లారీలకు మిగిలిన ఆకుపచ్చలో కాస్త పసుపు, చిటికెడు నలుపు కలిపితే మిలిటరీ రంగు. పైన మిల్లు ఊక బూడిద అద్దితే యుద్ధం చేసి వచ్చిన దుమ్ము. ఇల్లంతా అవే. ఎవరూ కొనలేదు, ఎవరూ అడగలేదు. కానీ వాటి ముందు కూర్చున్నప్పుడే అతను తన సొంత బండికి రంగు వేసుకునేది. వాటిని వదిలి వెళ్లాలంటే భయం, ఈ షెడ్డులోనే దగ్గుతూ ఉండిపోవాలన్నా భయమే.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మంగమ్మ తల దువ్వుకుని సిద్ధంగా ఉంది.

"తానం జెయ్. ఆటోకు ఫోన్ జేస్త."

"ఈ ఒక్క ట్రాక్ అంటించి లేస్త."

ఆమె ఫోన్ తీసుకుని గడప దగ్గరికి పోయింది. అతనికి అదే తేలికైంది.

సైకిల్ ట్యూబు ముక్కకు పంచర్ షాపు జిగురు రాసి, ట్యాంకు చక్రాల చుట్టూ పట్టాలా సాగదీసి రెండు చేతులతో నొక్కిపట్టాడు. సాగిన రబ్బరు అది. ఆరకముందే వేలు తీస్తే చటుక్కున ఊడి రంగంతా గీరేస్తుంది. అంతా తెలిసీ బయల్దేరే వేళ మొదలుపెట్టాడు. తెలిసే మొదలుపెట్టాడేమో కూడా.

బయట ఆటో హారన్ కొట్టింది.

"వస్తున్నవా, లేదా?"

"జర ఆగు. ఇప్పుడు ఇడిస్తే ఖరాబైతది."

"ఆగుతనే ఉన్న గద ఇన్నేండ్ల సంది. ఒక్క మాట చెప్పు. వస్తనంటే ఆటోను ఆపుత. రానంటే నేను పోత."

వస్తానంటే చేతులు తీయాలి. రానంటే ఆమె మొహం చూడాలి. రెండూ చేతకాక చక్రాల వంకే చూస్తూ ఉండిపోయాడు. చెప్పుల చప్పుడు వినిపించింది, తర్వాత ఆటో చప్పుడు.

జిగురు ఆరింది. వేళ్లు తీశాడు. ట్రాక్ ఇసుమంత కూడా కదల్లేదు. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. మంగమ్మకు చూపించడానికి తల తిప్పాడు.

కోదాడకు బస్సులకేం కొదవ లేదు, ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. లేద్దాం లేద్దాం అనుకుంటూనే పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. అప్పుడు ఫోను మోగింది.

"జేరిన," అంది మంగమ్మ. "వాచ్‌మన్ పనికి వేరే ఆయన్ని తీస్కున్నరు. దగ్గు మందు నీ సంచిల పెట్టిన. తాగి పండుకో."

"ఊఁ," అన్నాడు. ఏడుపు వచ్చేది గానీ దగ్గు ముందొచ్చింది.

తనకో సంచి ఉన్నట్టే అతనికి తెలియదు. లైటు వేసి చూస్తే తలుపు వెనక ఉంది. రెండు చొక్కాలు, ఒక లుంగీ, మందు సీసా. వాటి మధ్య మంగమ్మ పాత చీరలో, గొట్టం విరక్కుండా దూది పెట్టి చుట్టిన ఒక ట్యాంకు.